నోట ఇమడని నాలుక

(నర్సీపట్నంలో స్త్రీల మైత్రి కూడికలో, పిల్లల ఆపరేషన్ వార్డులో చాలకాలము నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక సహోదరి ఇచ్చిన ప్రసంగ పాఠము)

ఆరోగ్యమును గూర్చి ఏదైనా మాట్లాడమని నన్ను కోరినప్పుడు, రక్తపోటు గురించో చక్కెర వ్యాధి గురించో చెప్తానని మీరు అనుకొని ఉంటారు. వాటిని గూర్చి చెప్పేవారు చాలమంది ఉన్నారు. నేను మరియొక సంగతి ఎంచుకున్నాను. శతాబ్ది సంచికలో వేయుటకు వ్రాసి ఇమ్మన్నారు గనుక ఆనాడు నోటితో చెప్పినదే ఇక్కడ కాగితము మీద పెడుతున్నాను. ఆ దినమున మరచిన రెండు మూడు మాటలు కలిపాను.

ఈ సంగతి ఎంచుకొనుటకు కారణము చెప్తాను. క్రిందటి ఎండాకాలములో మన బస్టాండులో ఒక చిన్న తల్లి నా ప్రక్కన కూర్చున్నది. ఒళ్ళో ఏడెనిమిది నెలల బిడ్డ. ఆ ఎండలో కూడ బిడ్డ మొహము మీద కొంగు కప్పి ఉంచింది. గాలి ఆడక బిడ్డ ఏడుస్తుంటే, "కొంగు తియ్యమ్మా" అన్నాను. తీసింది. బిడ్డ నాలుక పెదవులు దాటి గడ్డము మీదికి వచ్చి ఉన్నది. ఎదుటి బల్ల మీద కూర్చున్న ఇద్దరు ముసలమ్మలు వెంటనే గ్రహణము మాట ఎత్తారు. ఆ తల్లి మరల కొంగు కప్పేసింది. ముప్పై ఏళ్ళ క్రిందట నేను వార్డులో మొదట చూచిన తల్లి ఎట్లు కప్పిందో ఈమె కూడ అట్లే కప్పింది. అందుచేత ఈ సంగతి.

పసిబిడ్డలందరు నాలుక బయట పెడతారు. పాలు కావలసినప్పుడు పెడతారు, ఆడుకొంటూ పెడతారు, మనలను చూచి వెక్కిరించినట్లు పెడతారు. దానికి భయపడనక్కరలేదు. నిద్రలో కూడ నాలుక పెదవుల మధ్యనే ఉండుట, రొమ్ము పట్టలేకపోవుట, ఉగ్గుగిన్నెతో పోసిన పాలు ప్రక్కలనుంచి కారిపోవుట, పడుకోబెట్టితే గురక, మధ్యలో ఊపిరి ఆగి మరల ఎగపీల్చుట, ఇవి ఉంటే మాత్రము డాక్టరుకు చూపించవలసినదే. పుస్తకములలో దీనికి మాక్రోగ్లోసియా అని పేరు. అనగా పెద్ద నాలుక, అంతే. పేరు పెద్దది గాని అది రోగము పేరు కాదు. జ్వరము వచ్చిందంటే ఏ జ్వరమో చూడాలి గదా, అట్లే నాలుక పెద్దదంటే ఎందుకు పెద్దదో చూడాలి. ఈ చూచుట జరుగకుండా నేరుగా కత్తి దగ్గరకు పరుగెత్తినవారిని నేను చూచాను. అసలు ఎక్కడికీ పోకుండా ఇంటిలో దాచుకున్నవారిని అంతకంటె ఎక్కువగా చూచాను.

మొట్టమొదట అడుగవలసినది థైరాయిడ్ పరీక్ష. గొంతులోనున్న థైరాయిడ్ గ్రంథి పుట్టుకతోనే సరిగా లేని బిడ్డకు నాలుక లావెక్కుతుంది, బొడ్డు ఉబ్బుతుంది, ఏడుపు బొంగురుగా ఉంటుంది, విరోచనము సాఫీగా కాదు, పుట్టిన పసిరికలు త్వరగా తగ్గవు, ఎప్పుడూ మగతగా నిద్రపోతూ ఉంటుంది. "మా బిడ్డ ఎంత నెమ్మదస్తురాలో, ఏడ్వనే ఏడ్వదు" అని అమ్మమ్మలు మురిసిపోతారు. హైదరాబాదులో నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులలో 18,300 మంది శిశువుల రక్తము పరీక్షించి 2004లో ప్రకటించిన ఫలితములలో 1,700 మందికి ఒకరు చొప్పున ఈ లోపము కనబడింది. మడమ మీద గుచ్చి తీసిన కొద్ది రక్తముతో తెలిసిపోయే సంగతి ఇది. పుట్టిన రెండు వారములలోపు థైరాయిడ్ మాత్ర మొదలుపెడితే బిడ్డ అందరివలె ఎదుగుతుంది, చదువుకుంటుంది. ఆ మాత్ర ఖరీదు చాల తక్కువ. ఆలస్యమైతే మాత్రము తరువాత ఎన్ని మాత్రలు వేసినా పోయిన తెలివి తిరిగి రాదు. మా వార్డుకు ఒకసారి మూడేళ్ళ పాపను నాలుక కోయించుటకని తెచ్చారు. రక్త పరీక్ష చేయించిన తరువాత ఆపరేషన్ అక్కరలేదని తేలింది. మాత్రలతో నాలుక నెమ్మదిగా తగ్గింది. ఆ పాప నడక నేర్చింది, మాటలు మాత్రము కొన్నే వచ్చాయి. దానిని గూర్చి ఇంతకంటె చెప్పలేను.

రెండవది డౌన్ సిండ్రోమ్. ఈ బిడ్డలను మీరందరు చూచియే ఉంటారు, మన సంఘములలో కూడ ఉన్నారు. పాట మొదలుపెట్టితే అందరికంటె ముందు చప్పట్లు కొట్టేది వారే. 1866లో లాంగ్డన్ డౌన్ అను ఇంగ్లీషు డాక్టరు వీరిని గూర్చి వ్రాశాడు. 1959లో ఫ్రాన్సు దేశములో లెజూన్ మొదలైనవారు, 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉండుటయే దీనికి కారణమని కనుగొన్నారు. ఈ బిడ్డలలో చాలమందికి నాలుక బయటికి వస్తుంది. కాని గమనించండి, వీరిలో ఎక్కువమందికి నాలుక నిజముగా పెద్దది కాదు. నోరు చిన్నది, అంగిలి ఇరుకు, కండరములలో బిగువు తక్కువ. చిన్న పెట్టెలో మామూలు దుప్పటి పెట్టితే పెట్టె మూత పడదు, దుప్పటి పెద్దదని అంటామా?

1970లలో, 80లలో జర్మనీ మొదలైన దేశములలో ఈ బిడ్డల నాలుక కొంత కోసి, ముక్కు, కనురెప్పలు, చెంపలు సవరించి, మొహము అందరివలె కనబడేలా చేసే ఆపరేషన్లు చాల చేశారు. లోకులు వేలెత్తి చూపకూడదని తల్లిదండ్రుల ఆశ. మాట కూడ స్పష్టమవుతుందని చెప్పుకున్నారు. తరువాత ఆపరేషన్ అయిన పిల్లల ఉచ్చారణను, కాని పిల్లల ఉచ్చారణను ప్రక్క ప్రక్కన పెట్టి పరీక్షించినవారున్నారు. 1987లో వెలువడిన అట్టి పరిశీలన ఒకటి, మాటలో చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చింది. క్రమముగా ఆ ఉత్సాహము తగ్గింది. నా అభిప్రాయము అడిగితే, లోకుల కన్ను బాగుచేయుటకు బిడ్డ నాలుక కోయుట న్యాయము కాదు. ఇది నా సొంత మాట, డాక్టర్ల మాట కాదు.

పైగా ఈ బిడ్డలకు మత్తు ఇవ్వడమే ఒక పరీక్ష. దాదాపు సగము మందికి పుట్టుకతో గుండె లోపము ఉంటుంది. కొందరికి మెడ పైభాగములోని కీలు వదులుగా ఉంటుంది, మత్తు డాక్టరు మెడను ఎటుబడితే అటు వంచకూడదు. రాత్రి గురక, ఊపిరి ఆగుట ఉంటే మొదట చూడవలసినది నాలుకను కాదు, టాన్సిల్సును, ముక్కు వెనుకనున్న అడినాయిడ్సును. రోలుగుంట వైపునుంచి ఒక తండ్రి, ఉన్న పాడిగేదె అమ్మి, ఆ డబ్బు లుంగీ మడతలో పెట్టుకొని కొడుకు నాలుక కోయించుటకు వచ్చాడు. మా పెద్ద డాక్టరుగారు పరీక్షించి, నాలుక ముట్టుకొనేది లేదు, టాన్సిల్సు తీయాలి అన్నారు. ఆయనకు నచ్చలేదు. "నేను ఒకటి సెప్తే మీరొకటి కోత్తారేటండీ?" అని దెబ్బలాడాడు. తీసిన నెలలోపల పిల్లవాడు రాత్రంతా నిద్రపోవుట మొదలుపెట్టాడు, పగలు కూడ చురుకైనాడు. నాలుక అప్పటికి కొంచెము బయటనే ఉన్నది. గొట్టముతో నీరు పీల్చుట, బుడగలు ఊదుట, పెదవులు మూసి పట్టుట వంటి వ్యాయామములు నేర్పాము. ఏడాది తరువాత ఆ తండ్రి గంపెడు జీడిమామిడి పళ్ళు తెచ్చి వార్డులో పెట్టి వెళ్ళాడు. గేదెను గూర్చి మేము అడుగలేదు.

ఇక నిజముగా పెద్ద నాలుక సంగతికి వస్తాను. ఇందుకు కారణములు అనేకము ఉన్నవి. నాలుకలో నీటి తిత్తులవంటి గడ్డలు ఉండుట ఒకటి, దానికి సూదిమందు వేరుగా ఉన్నది. హర్లర్ వంటి వంశపారంపర్యపు రోగములు కొన్ని, వాటిలో మేనరికపు పెళ్ళిళ్ళు ప్రమాదమును పెంచును. కాని నాలుక ఆపరేషన్ ఎక్కువగా అవసరమయ్యేది బెక్‌విత్–వీడమన్ సిండ్రోమ్ అను పరిస్థితిలో. 1963లో అమెరికాలో బెక్‌విత్ అను డాక్టరు, మరుసటి సంవత్సరము జర్మనీలో వీడమన్ అను పిల్లల డాక్టరు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే దీనిని వర్ణించారు. సుమారు పదివేల కాన్పులకు ఒకటి ఉండునని లెక్క. అరుదే. కాని మన జిల్లాలో ఏటా పుట్టే పిల్లల సంఖ్య తలచుకోండి. ఎక్కడో ఒక ఇంటిలో కొంగు కప్పుకొని ఒకరు ఉండనే ఉంటారు.

నేను చెప్పదలచిన బిడ్డ కొండ మీది ఊరిది. ఊరి పేరు, బిడ్డ పేరు చెప్పను. పుట్టినప్పుడే నాలుగు కిలోలు దాటిన ఆడపిల్ల. ఆ ప్రాంతములో రెండున్నర కిలోల బిడ్డలే ఎక్కువ గనుక ఊరంతా చూడవచ్చిందట. నాలుక నోట పట్టదు. బొడ్డు దగ్గర పేగు ఉబ్బు. చెవి తమ్మెల మీద గోటితో నొక్కినట్లు గీతలు. నుదుటి మీద ఎర్రని మచ్చ. ఒక కాలు రెండవదానికంటె కొంచెము లావు. పుట్టిన రెండవ రోజున బిడ్డకు ఫిట్సు వచ్చింది. అందరి చూపు నాలుక మీదనే ఉండగా, రక్తములో చక్కెర పడిపోయిన సంగతి ఎవరికి తోచలేదు. ఈ బిడ్డలలో దాదాపు సగము మందికి మొదటి రోజులలో చక్కెర పడిపోవును, చూడకపోతే మెదడుకు దెబ్బ. అదృష్టవశాత్తు కొండ దిగి వచ్చిన తరువాత ఒక నర్సు గ్లూకోజు ఎక్కించినందువలన ఆ గండము గడిచింది. ఆ నర్సు నేను కాదు. ఎవరో నాకు తెలియదు గాని ఆమెకు నేను ఎప్పుడూ మనసులో వందనము చేస్తాను.

బిడ్డ నాయనమ్మ ప్రతివారికి ఒకటే చెప్పేది, కోడలు గ్రహణము నాడు కత్తిపీటతో కూర తరిగిందని. కోడలు తల ఎత్తేది కాదు. మన భాషలోనే చీలిన పెదవికి గ్రహణము మొర్రి అని పేరు పెట్టుకున్నాము గదా, ఆ మాట ఎందరి తల్లుల మెడకు చుట్టుకుందో. మా పెద్ద డాక్టరుగారు ఆ నాయనమ్మను కుర్చీలో కూర్చోబెట్టి చెప్పిన విధము నాకు జ్ఞాపకము. "అవ్వా, ప్రతి బిడ్డకు తండ్రి దగ్గరనుంచి ఒక ప్రతి, తల్లి దగ్గరనుంచి ఒక ప్రతి వస్తుంది. పదకొండవ క్రోమోజోములో ఒక చిన్న చోటున తండ్రి ప్రతి పెరుగు పెరుగు అంటుంది, తల్లి ప్రతి చాలు చాలు అంటుంది. రెండు సమముగా ఉంటే బిడ్డ సమముగా పెరుగుతుంది. ఈ పిల్లకు చాలు అనే మాట సరిగా వినబడలేదు. ఎవరూ తప్పు చేయలేదు" అన్నారు. నూటికి ఎనభై అయిదు మందిలో ఇది వంశములో లేకుండా అప్పటికప్పుడు కలిగేదే. కొద్దిమందిలో మాత్రము తల్లి వైపునుంచి సంక్రమించవచ్చును గనుక, ఇంకొక బిడ్డ కావాలనుకొనేవారు జన్యు వైద్యుల సలహా తీసుకొనుట మంచిది. నాయనమ్మ అంతా విని, "అయితే కత్తిపీట కాదా?" అని అడిగింది. కాదు అన్నారు. కోడలు ఆ దినమున మొదటిసారి మా మొహములు చూచింది.

ఆపరేషన్ వెంటనే చేయలేదు. ఇక్కడ చాలమంది తొందరపడతారు. ఊపిరికే అడ్డము వస్తే తప్ప సాధారణముగా ఏడాది నిండేవరకు ఆగుతారు, ఎందుకనగా బిడ్డ ఎదుగుచున్న కొలది నోరు కూడ పెద్దదవుతుంది, కొందరి నాలుక దానిలో ఇమిడిపోతుంది. ఈ సిండ్రోముతో పుట్టినవారిలో సగముకంటె తక్కువమందికే ఆపరేషన్ అవసరమవుతుంది. మరీ ఆలస్యము చేసినా చిక్కే. నాలుక ఎప్పుడూ పళ్ళ మధ్య ఉంటే ముందు పళ్ళు కలియవు, క్రింది దవడ ముందుకు సాగును, మాట దెబ్బతినును. మీరు ఒకసారి పెదవులు మూయకుండా అమ్మ అని అనండి చూద్దాము. అనలేరు. ప, బ, మ పలుకవలెనంటే రెండు పెదవులు కలియవలె. పెదవుల మధ్య నాలుక అడ్డమున్న బిడ్డ నాలుకను పై పెదవికి తాకించి ఏదో ఒక శబ్దము చేయును. తల్లికి అది అర్థమగును, ఇతరులకు కాదు. త, ద, న, స పలుకుటకు నాలుక కొన పళ్ళ వెనుక నిలువవలె. అది బయట ఉంటే ఎట్లు? ఆ అలవాటు స్థిరపడకముందే చేయుట మేలు.

మన పాపకు పదునాలుగవ నెలలో చేశారు. అప్పటికి రాత్రులు ఊపిరి ఆగుచున్నది, బయటనున్న నాలుక ఎండిపోయి పగిలి రక్తము కారుచున్నది, పైగా వచ్చిన పళ్ళు దానినే కొరుకుచున్నవి. ఆపరేషన్ ఎట్లు చేస్తారో చెప్తాను, వినలేనివారు కాసేపు చెవులు మూసుకొనవచ్చును.

అన్నిటికంటె కష్టము మత్తు ఇచ్చుట. నిద్రపోతే ఆ నాలుకే వెనుకకు పడి దారి మూయును. నోటిలోనుంచి గొట్టము పోనీయుటకు స్థలము ఉండదు, ఆపరేషన్ చేయవలసినది కూడ అక్కడే గనుక ముక్కులోనుంచి గొట్టము పంపుతారు. ఆ రోజున మత్తు డాక్టరుగారి చొక్కా వీపంతా తడిసిపోయింది. గొట్టము పడగానే, ఇక మీ పని తేలిక అని సర్జనుతో అన్నారు.

నాలుక అంతయు ఒకే మాంసపు ముద్ద కాదు. రెండు ప్రక్కల రెండు రక్తనాళములు, వాటి వెంట కదలికనిచ్చే నరము, స్పర్శ, రుచి తెలిపే నరము అడుగుభాగమున పోవును. రెండు ప్రక్కల నాళములు మధ్య గీత దగ్గర అంతగా కలియవు. అందుచేత సర్జను సిరాతో గుర్తు పెట్టుకొని మధ్యభాగములోనే కోయును. కొన దగ్గర త్రికోణముగా, దాని వెనుక మధ్యలో గుండ్రముగా, పాత తాళపు కప్పకుండే తాళపుచెవి రంధ్రమువలె ఒక ముక్క తీసి, మిగిలిన రెండు ప్రక్కలను దగ్గరకు చేర్చి పొరలు పొరలుగా కుట్టును. దీనితో పొడవు తగ్గును, వెడల్పు కూడ తగ్గును. త్రికోణము మాత్రమే తీసే పద్ధతి, అంచులు తీసే పద్ధతి, ఇంకను కొన్ని పద్ధతులున్నవి. ఏ బిడ్డకు ఏది అనేది నాలుక ఆకారమును బట్టి సర్జను నిర్ణయించును. కుట్లు వాటంతటవే కరిగిపోయే దారముతో వేస్తారు, ఒకటిన్నరేళ్ళ బిడ్డ నోటిలో కుట్లు విప్పుట ఎవరి తరము?

రుచి పోతుందా అని ప్రతి అమ్మమ్మ అడుగును. పోదు. ప్రక్కల, వెనుక ఉన్నదంతా మిగిలియే ఉన్నది. మరల పెరుగుతుందా అంటే, కొద్దిమందికి మరియొకసారి ఆపరేషన్ కావలసి వచ్చును, ఎక్కువమందికి ఒకటే చాలును.

తరువాతి మూడు దినములే గండము. కోసిన నాలుక మొదట ఇంకా వాచును. తల్లిదండ్రులు చూచి, చిన్నది చేస్తామని పెద్దది చేశారే అని బెంబేలెత్తుతారు. ఆ వాపు ఊపిరికి అడ్డము రాకుండా కొందరికి ముక్కులోని గొట్టము ఒకటి రెండు దినములు అట్లే ఉంచి, కనిపెట్టి ఉండే వార్డులో పెట్టుకొంటాము. పాలు సన్నని గొట్టముతో కడుపులోకి. చేతులు నోటిలో పెట్టుకోకుండ మోచేతులకు అట్టలు కట్టుతాము. ఆ మూడు రాత్రులు నేను ఆ పాప మంచము ప్రక్కననే ఉన్నాను. నాలుగవ దినమున వాపు తగ్గనారంభించింది. తొమ్మిదవ దినమున పాప నిద్రలో పెదవులు మూసుకున్నది. తల్లి నన్ను చేయి పట్టి లాక్కొనిపోయి చూపించింది. రెండు పెదవులు కలిసి ఉండుట కూడ ఒక వింతగా చూడవలసి వచ్చునని అంతకుముందు నేను ఎన్నడు తలచలేదు.

ఇక్కడితో ఆగితే మంచి సాక్ష్యమువలె ఉండును. కాని నేను చెప్పుటకు వచ్చినది తరువాతి సంగతి.

ఈ సిండ్రోము గల పిల్లలలో నూటికి సుమారు ఎనిమిది మందికి చిన్నతనములో కడుపులో కంతి పుట్టే ప్రమాదమున్నది. ఎక్కువగా కిడ్నీలో, దానిని విల్మ్స్ కంతి అంటారు, కొందరికి కాలేయములో. అందుచేత మూడు నెలలకొకసారి కడుపు స్కానింగు చేయించవలె, ఏడేళ్ళు నిండేవరకు. కొందరు డాక్టర్లు కాలేయము కొరకు మొదటి నాలుగేళ్ళు ఒక రక్త పరీక్ష కూడ చేయిస్తారు. జన్యు పరీక్ష చేసి ఏ రకమో తేలితే, ఏ రకానికి ఎంత ప్రమాదమో వారు చెప్పగలరు. తేలనిచోట అందరికీ స్కానింగు చేయుటే క్షేమము. మూడు నెలలే ఎందుకు, ఏడాదికి ఒకసారి చాలదా అంటే, చాలదు. ఆ కంతి వారములలో పెరుగును. నాలుక ఆపరేషన్ చేసినంత మాత్రమున ఈ ప్రమాదము రవ్వంత కూడ తగ్గదు. నాలుక వేరు, ఇది వేరు. రెండు ఒకే వేరునుంచి వచ్చినవి, అంతే.

పాపను ఇంటికి పంపే దినమున కాగితము వ్రాసి చేతికిచ్చినది నేనే. ఇంగ్లీషులో వ్రాశాను. మూడు నెలలకొకసారి ఫాలో అప్ అని, అల్ట్రాసౌండ్ అని వ్రాసి, నోటితో "మళ్ళీ వచ్చి చూపించుకోండమ్మా" అన్నాను. వార్డులో ఆ పూట ఇంకా నలుగురిని పంపవలసి ఉన్నది. ఎందుకు రావాలో చెప్పలేదు. కంతి అనే మాట ఎత్తి సంతోషముగా పోవుచున్నవారిని భయపెట్టుట ఎందుకులే అని కూడ మనసులో ఉన్నది. ఆ ఆసుపత్రి పేరు చెప్పను, అక్కడివారు నన్ను ఆదరించినవారు. తప్పు ఆసుపత్రిది మాత్రమే కాదు, కలము నా చేతిలో ఉన్నది.

వారు మరల రాలేదు. ఎందుకు వస్తారు? నాలుక బాగైనది. కొండ మీదనుంచి నర్సీపట్నము రావడము ఒక ఎత్తు, ఇక్కడినుంచి విశాఖపట్నము సుమారు ఎనభై కిలోమీటర్లు. ఇద్దరి కూలి పోవును, బస్సు ఖర్చు, రాత్రి అక్కడ పడుకోవలసి వచ్చును. రెండేళ్ళ తరువాత ఒక ఉదయము ఆ తండ్రి పాపను భుజాన వేసుకొని వార్డు గుమ్మములో నిలబడ్డాడు. మూత్రములో రక్తము. కడుపు ఎడమ ప్రక్క చేతికి తగిలేటంత గట్టిగా ఉన్నది. ఇన్నాళ్ళు ఎందుకు రాలేదయ్యా అని నేను కోపముగానే అడిగాను. "నాలిక బాగైపోనాది కదమ్మా, ఇంకేటుందని రావాలి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ రెండేళ్ళలో ఏడో ఎనిమిదో స్కానింగులు జరిగి ఉండవలసినవి.

ఎడమ కిడ్నీ మొత్తము తీసివేశారు. చిన్నదిగా ఉండగానే దొరికి ఉంటే, కిడ్నీలో కొంత భాగమైనను నిలుపుటకు ప్రయత్నము చేసి ఉండేవారు. ఈ సిండ్రోము గల బిడ్డలకు రెండవ కిడ్నీలో కూడ వచ్చే భయము ఉన్నది గనుక, కాపాడగలిగిన ప్రతి ముక్క విలువైనదే. ఆ తరువాత నెలల తరబడి మందులు. జుట్టు ఊడింది. బాగుచేసిన ఆ నోటిలో పుండ్లు లేచి అన్నము తినలేకపోయింది. బ్రదికింది. ఆ మాట ముందే చెప్పవలసినది, మీ మొహములు చూస్తే తెలుస్తున్నది. ఇప్పుడు పెద్దపిల్ల, ఒక కిడ్నీతో బాగుగానే ఉన్నది, ఏడాదికొకసారి రక్తపోటు, మూత్రము చూపించుకొంటుంది. మాట స్పష్టముగా ఉన్నది. నాతో ఫోనులో మాట్లాడేటప్పుడు మామ్మగారూ అని పిలుస్తుంది. రెండు పెదవులు కలిపి చక్కగా మ అంటుంది.

అప్పటినుంచి పదవీ విరమణ చేసేవరకు నేను ఇంగ్లీషు కాగితముతో ఎవరినీ ఇంటికి పంపలేదు. తెలుగులో వ్రాసేదానిని. తారీకులు వ్రాస్తే కొండ మీద ఎవరూ చూచుకోరు. అందుచేత పండుగలు వ్రాసేదానిని. సంక్రాంతి వెళ్ళిన వారము ఒకటి, ఇటుకల పండుగకు ఒకటి, బడులు తెరిచి నెల గడిచిన తరువాత జూలైలో ఒకటి, దసరాకు ఒకటి. మన సంఘస్థులకైతే క్రిస్మస్, ఈస్టరు, మరల జూలై, కోతల పండుగ. చదువురానివారికి నాలుగు బొమ్మలు గీసి ఇచ్చేదానిని. నేను గీసిన ఇటుకల పండుగ బొమ్మను చూచి మా డాక్టరుగారు అది రోడ్డు రోలరా అని అడిగారు. ఫర్వాలేదు, వారు వచ్చేవారు. ప్రతి కాగితము అడుగున పెద్ద అక్షరములతో ఒక వాక్యము ఉండేది: "నాలుక బాగైనా కడుపు చూపించాలి."

ఎక్కడికి పోవాలి అని అడుగుతారు. మన నర్సీపట్నము ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల డాక్టరుకు చూపించి చీటీ వ్రాయించుకోండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద అంగన్‌వాడీలకు, బడులకు వచ్చే ఆరోగ్య బృందములు పుట్టుకతో వచ్చిన లోపములను చూచి పైకి పంపుట వారి పని. వారు వచ్చిన దినమున ఇటువంటి బిడ్డను ఇంటిలో దాచకుండా తీసుకొని వెళ్ళండి. విశాఖపట్నములో కింగ్ జార్జి ఆసుపత్రి ఉన్నది. 1923లో, ఆంధ్ర వైద్య కళాశాల మొదలైన సంవత్సరముననే, తెరిచిన ఆసుపత్రి అది. మన తాతలు పెద్దాసుపత్రి అన్నది దానినే. పిల్లల సర్జన్లు, ప్లాస్టిక్ సర్జన్లు ఉన్నచోటే ఈ ఆపరేషన్ చేయించవలె, ఆపరేషన్ తరువాత చిన్నపిల్లలను రాత్రింబగళ్ళు కనిపెట్టే వార్డు అక్కడ ఉన్నదా అని ముందు అడుగవలె. సర్జను ఎవరని అందరు అడుగుతారు, మత్తు ఎవరిస్తారని ఎవరూ అడుగరు. అది కూడ అడగండి. జన్యు సంబంధమైన సలహాకు వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో ప్రత్యేక విభాగమున్నది. మనవారు అన్నిటికి వెల్లూరు పోతూనే ఉంటారు గనుక దారి చెప్పనక్కరలేదు. రేషను కార్డు, ఆరోగ్య కార్డు, బిడ్డ పుట్టినప్పటి కాగితములు, పాత స్కానింగు రిపోర్టులు అన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి తీసుకొని వెళ్ళండి. పాత రిపోర్టు లేకపోతే కంతి కొత్తదో పాతదో డాక్టరు ఎట్లు చెప్పగలడు?

బస్టాండులోని ఆ తల్లి సంగతి చెప్పి ముగిస్తాను. ఆ దినమున ఆమె ఎక్కవలసిన బస్సు రెండుసార్లు వెళ్ళిపోయింది. మూడవ బస్సు వచ్చేలోపల బిడ్డ చెవులు, నుదురు, బొడ్డు, కాళ్ళు అన్నీ ఆ బల్ల మీదనే చూచాను. ఏ రోగమో నేను చెప్పలేదు, చెప్పుటకు నేను డాక్టరును కాను. థైరాయిడ్ పరీక్ష, కడుపు స్కానింగు అని ఆమె చేతిసంచిలోనున్న లైటు బిల్లు వెనుక తెలుగులో వ్రాసి ఇచ్చాను. థైరాయిడ్ పరీక్షలో ఏమీ లేదని తేలినది. మొదటి స్కానింగు జూలైలో అయినది, కడుపులో ఏమీ లేదు. రెండవది దసరాకు. ఆ దినమున ఆమె భర్తకు సెలవు దొరకదట, తోడుగా నేను వెళుతున్నాను. పొద్దున ఆరు గంటల బస్సుకు వెళ్ళి సాయంత్రానికి రావలెనని ఉన్నది. మన సంఘములో ఎవరైనా ఇంకొక బిడ్డ ఉన్న ఇంటిని ఎరిగి ఉంటే, కూడిక అయిన తరువాత నాతో చెప్పండి, ఒకే బస్సులో పోవచ్చును.